పన్నెండు రోజుల నడుంనొప్పి

తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉండాలని మునిసిపల్ గుమాస్తా ఆ ఉదయం గట్టిగా అనుకున్నాడు. సగం గడ్డం గీసుకున్నాడో లేదో, ఆరోగ్య సర్వే అమ్మాయి తలుపు కొట్టింది.

"నాలుగే ప్రశ్నలండీ, రెండు నిమిషాలు. గత ముప్పై రోజుల్లో ఒంట్లో బాగోలేని రోజులెన్ని?"

సున్నా అనబోయి నాలుక కరుచుకున్నాడు. ఈ నెలలోనే నడుంనొప్పని పన్నెండు రోజులు సెలవు పెట్టాడు. ఇంట్లో చెప్పకుండా, రోజూ క్యారియర్ పట్టుకుని చదరంగం పోటీలకు వెళ్లాడు. మొదటి రోజే ఓడిపోయి, మిగతా పదకొండు రోజులూ ఇతరుల ఆట చూసి తలలూపాడు. ప్రభుత్వ కాగితాలు ఎప్పుడో ఒకప్పుడు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయని ఇరవయ్యేళ్ల సర్వీసు అతనికి నేర్పింది.

"పన్నెండు. నడుంనొప్పి," అన్నాడు.

వంటింట్లో గరిటె కింద పడింది.

"పన్నెండు రోజులా! నాతో ఒక్క ముక్కైనా అనలేదేమండీ?" అంటూ భార్య పరుగెత్తుకొచ్చి, అతన్ని మంచమెక్కించి, తమ్ముడికి ఫోన్ చేసింది. ఆస్పత్రిలో కాంపౌండరైన బావమరిది పావుగంటలో స్ట్రెచర్‌తో సహా దిగాడు.

"కదలకు బావా!"

"నాకేం నొప్పి లేదురా!"

"అదే ప్రమాదం. నొప్పే తెలియట్లేదంటే నరం చచ్చిపోయుంటుంది," అని స్ట్రెచర్ మీదికి మార్చి పట్టీలు బిగించాడు. బావకు సెలవు కావాలని అతని ఆఫీసరుకు ఫోన్ కొట్టాడు. వెనక వీధిలోనే ఉండే ఆఫీసరు పళ్ల సంచితో వచ్చేశాడు.

భార్య కళ్లొత్తుకుంది. "అంత నొప్పి దిగమింగి, ఒక్క పూట మానకుండా మీ దగ్గర పనిచేశారండీ!"

"మానకుండానా? నడుంనొప్పని ఈ నెలలో పన్నెండు రోజులు సెలవులోనే ఉన్నాడు కదమ్మా!" అన్నాడు ఆఫీసరు.

పారిపోదామంటే పట్టీలు. గుమాస్తా చదరంగం సంగతి కక్కేశాడు.

ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్న భార్య ముఖం ఒక్కసారిగా విప్పారింది.

"అదా సంగతి! అందుకేనా ఆ పన్నెండు రోజులూ సాయంత్రం ఇంటికొచ్చి ఈ ఆఫీసరుగారిని తిట్టలేదు! నాకూ రాసుకోమ్మా, తలనొప్పి లేని రోజులు పన్నెండు."

ఆఫీసరు పళ్ల సంచి నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు.

సర్వే అమ్మాయి పేజీ తిప్పి స్ట్రెచర్ మీదికి వంగింది. "రెండో ప్రశ్నండీ. మనసు బాగోలేని రోజులెన్ని?"

గుమాస్తా ఆఫీసరు ముఖం చూశాడు. "రేపట్నుంచి లెక్కపెట్టుకోండి," అన్నాడు.

రాబోయే రోజులకు ఆ కాగితంలో గడి లేదు.