నవరక్తం, తమలపాకులు

"జాతీయ క్రికెట్ జట్టులో ఇకమీదట ముసలితనానికి చోటు లేదు" అని మా క్రీడల మంత్రి సోమదాసగారు కొలంబోలో ప్రకటించారు. ఆ మాట అనడానికి కుర్చీలోంచి లేవాల్సి వచ్చింది కనుక ఇద్దరు సెక్రటరీలు చెరో రెక్కా పట్టుకున్నారు. పథకం పేరు 'నవరక్తం'. మర్నాడు పత్రికలన్నీ మంత్రిగారి ఫోటో వేశాయి.

మా దేశంలో జట్టును సెలెక్టర్లు ఎంపిక చేస్తారు, మంత్రిగారు సంతకం పెడతారు. గెలిస్తే సంతకం గొప్పది, ఓడితే ఎంపిక తప్పు. ఆ సెలెక్టర్లు నలుగురిలో నేనొకణ్ణి. దేశం తరఫున ఒకే ఒక్క టెస్టు ఆడాను. అందులో నాకంటే వాన ఎక్కువసేపు ఆడింది. అంచేత ఆటగాళ్ళ విషయంలో నా తీర్పుకి తిరుగులేదు.

ముందుగా రిటైర్ చేయాల్సింది అసేల వీరక్కొడిని. పదిహేనేళ్ళుగా మూడో నంబరులో బ్యాటింగుకి దిగుతున్న మహానుభావుడు. ఈమధ్య పెవిలియన్ మెట్లు ఎంత తొందరగా దిగుతున్నాడో అంత తొందరగానూ ఎక్కేస్తున్నాడు. మంత్రిగారు పిలిచి, టీ ఇచ్చి, "దేశానికి నువ్వు చేసింది ఇక చాలయ్యా" అన్నారు. అతను పొగడ్త అనుకుని తలూపి వెళ్ళిపోయాడు.

ఇక అతని స్థానంలో ఎవరన్నది ప్రశ్న. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ పేర్లు చెప్పాం.

"వీళ్ళకి అనుభవం ఏదయ్యా?" అన్నారు మంత్రిగారు.

ఇదివరకు ఆడినవాళ్ళ పేర్లు చెప్పాం.

"ఇదంతా పాత రక్తం."

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "సుజీవ ఎకనాయక ఉన్నాడు సార్. బోలెడు అనుభవం. దేశానికి మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు."

"ఎందుకు ఆడలేదు?"

"వీరక్కొడి ఉన్నాడుగా సార్."

మంత్రిగారి మొహం వెలిగిపోయింది. "వాడని రక్తం అంటే కొత్తదనేగా అర్థం. వెయ్యండి పేరు."

ఈ సుజీవ ఏటా క్లబ్బు మ్యాచుల్లో సెంచరీలు కొట్టేవాడు. సీజను అయిపోగానే నాకు ఫోన్ చేసి, "సార్, ఈసారైనా?" అనేవాడు. "ఓపిక పట్టు తమ్ముడూ" అనేవాణ్ణి. ఆ మాట నాలాగా చెప్పగలవాడు ఇంకొకడు లేడని బోర్డులో నాకు పేరుంది. ఈసారి నేనే ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"సార్, జట్టు టోపీ నిజంగానే ఇస్తారా?"

"వీరక్కొడి చేత్తోనే నీ నెత్తిన పెట్టిస్తున్నాం. జుట్టుకి రంగు వేసుకుని రా."

"మొత్తానికా సార్?"

"టీవీలో కనపడేంత మేర."

మంత్రిగారి జ్యోతిష్కుడు ముహూర్తం పెట్టాడు. డోళ్ళు, నూనె దీపం, పాలన్నం, అన్నీ సిద్ధం. కార్యక్రమం నేనే రాశాను. కొత్త ఆటగాడు తమలపాకుల కట్ట వీరక్కొడి చేతికిచ్చి కాళ్ళకు మొక్కాలి. వీరక్కొడి అతని తలమీద చెయ్యిపెట్టి, "దేశం కోసం చాలాకాలం ఆడు తమ్ముడూ" అని దీవించి టోపీ పెట్టాలి. మంత్రిగారు కళ్ళు తుడుచుకోవాలి. వీరక్కొడికి మాటలు గుర్తుండవు కనుక ఆ దీవెన పెద్దక్షరాలతో అట్టమీద రాసి, వేదిక ఎడమవైపు నిలబడ్డవాడికి కనపడేలా నేనే పట్టుకుని కూర్చున్నాను.

టీవీలో ప్రత్యక్ష ప్రసారం. సుజీవ ఆకుల కట్ట పట్టుకుని వంగాడు. సరిగ్గా అప్పుడే ముందు వరసలోంచి వీరక్కొడి తల్లి లేచింది.

"ఆగరా అసేలా. సుజీవ నీకంటే పెద్దవాడు కదరా. బళ్ళో రెండు క్లాసులు నీకు పైన చదివాడు. పెద్దవాడి చేత మొక్కించుకుంటే ఆయుష్షు తగ్గదూ?"

డోళ్ళు ఆగిపోయాయి. పదిహేనేళ్ళుగా సీనియర్ అనే గౌరవంతో వీరక్కొడిని 'అన్నా' అని పిలుస్తున్న సుజీవ, వంచిన నడుం వంచినట్టే ఉండిపోయాడు. వయసు చూడవలసింది మా నలుగురిలో ఎవరో మాకెవరికీ తెలియదు.

మంత్రిగారు నా చెవి దగ్గరకు వచ్చారు. "ముహూర్తం దాటిపోతోందయ్యా. ఏం చేద్దాం?"

"ఇద్దరినీ అటూ ఇటూ మార్చేద్దాం సార్" అన్నాను.

మార్చేశాం. ఇప్పుడు ఎడమవైపు సుజీవ ఉన్నాడు. వీరక్కొడి ఆకులు అతని చేతికిచ్చి కాళ్ళకు మొక్కాడు. పాపం, ఇప్పుడు దీవించాల్సింది సుజీవ. దిక్కులు చూశాడు. నా అట్ట కనపడింది.

"దేశం కోసం చాలాకాలం ఆడు తమ్ముడూ" అని చదివాడు.

వీరక్కొడి లేచి మైకు అందుకున్నాడు. "పెద్దవాడు నోరారా దీవించాడు. కాదంటే కళ్ళు పోతాయి. ఆడతాను" అన్నాడు. హాలంతా చప్పట్లు. మంత్రిగారికి అనుకున్న సమయానికే కన్నీళ్ళు వచ్చాయి. పళ్ళెంలో ఉన్న టోపీ తీసి వీరక్కొడికే పెట్టారు. సుజీవ టోపీ కోసం అప్పటికే తల కాస్త వంచి ఉన్నాడు. మెల్లిగా తలెత్తి జుట్టు సవరించుకున్నాడు. చేతికి నల్లరంగు అంటింది. ఎవరూ చూడకుండా ప్యాంటుకు తుడుచుకున్నాడు. అట్ట పట్టుకున్నవాణ్ణి కనుక నేను చూశాను.

దీవించే వయసు వచ్చినవాణ్ణి ఎండలో ఆడించడం మర్యాద కాదని మంత్రిగారికి తర్వాత తోచింది. సుజీవను సెలెక్టరుగా వేశారు. అందుకు ఒక ఖాళీ కావాలి కనుక నేను రిటైరయ్యాను. నాకూ ఒక సభ జరిగింది, నాకూ తమలపాకులు తెప్పించారు. ఎవరు పెద్దో ఈసారి ముందే కనుక్కున్నారు.

సుజీవ రంగు వేసుకోకుండా వచ్చాడు. కట్ట నా చేతికిచ్చి కాళ్ళకు మొక్కాడు. తలమీద చెయ్యిపెట్టాను. ఆ తెల్లజుట్టు చేతికి తగిలేసరికి నాకు సిగ్గేసింది. జన్మలో నాకు బాగా వచ్చిన మాటలు రెండే. 'ఓపిక పట్టు' అనడానికి నోరు రాలేదు. రెండోది అనేశాను.

"దేశం కోసం చాలాకాలం ఆడు తమ్ముడూ."

అతను వెంటనే లేవలేదు. కాళ్ళ దగ్గర్నుంచే, నాకొక్కడికే వినపడేలా అడిగాడు.

"ఏ నంబరులో సార్?"