పద్నాలుగు ఐస్‌క్రీమ్ డబ్బాలు

సైన్సు టీచరు పాల ప్యాకెట్లు కడుగుతోంది. ఒక్కొక్కదాన్నీ అంచు కత్తిరించి, తిరగేసి, సబ్బునీళ్ళలో జాడించి, వంటింటి కిటికీ బయట తీగ మీద బట్టల క్లిప్పులు పెట్టి ఆరేస్తోంది. మొత్తం పన్నెండు. ఆరాక తూస్తే ఎంతవుతాయో ఆమెకు తెలుసు. యాభై గ్రాములు కూడా కావు.

ఆరో తరగతి చదువుతున్న కూతురు దువ్వెన పట్టుకుని వచ్చి నిలబడింది.

"అమ్మా, నిన్నటికి మన క్లాసు పద్దెనిమిది కిలోలు. ఏడో తరగతి వాళ్ళు పందొమ్మిది. మిగతావాళ్ళంతా ఇంకా పైనే."

"ఇంకా ఇవాళంతా ఉందిగా."

"పోటీ పెట్టినవాళ్ళే ఆఖర్న వస్తే చూడముచ్చటగా ఉంటుందని లెక్కల మాస్టారు అన్నారట."

టీచరు చేతిలోని ప్యాకెట్టు జారి సింకులో పడింది. బడిలో ప్లాస్టిక్ చెత్త తగ్గించాలన్న ఆలోచన ఆమెదే. ఇళ్ళ నుంచి ఎక్కువ చెత్త తెచ్చి రీసైక్లింగుకు ఇచ్చిన తరగతికి షీల్డు ఇద్దామన్నదీ ఆమే. స్టాఫ్ రూములో అందరూ ఎందుకొచ్చిన గొడవ అంటుంటే పట్టుబట్టి ఒప్పించింది. ఇప్పుడు తన ఆరో తరగతే అట్టడుగున మిగిలితే సోమవారం ఆ గదిలో ఎవరి ముఖం చూడాలి?

తలెత్తింది. పై అరలో వరసగా పద్నాలుగు ఐస్‌క్రీమ్ డబ్బాలు. అన్నీ అత్తగారివి. ఉప్పు, పంచదార, పిండి, పప్పులు, జీలకర్ర. దేంట్లో ఏముందో చిన్న ప్లాస్టరు ముక్క మీద గుండ్రని అక్షరాలతో రాసి అంటించారావిడ. అత్తగారు పొద్దున్నే పన్ను పీకించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

"అవి నానమ్మవి," అంది కూతురు, తల్లి చూపు ఎక్కడ ఆగిందో కనిపెట్టి.

"పాతబడిపోయాయే. మనం గాజు సీసాలు కొందాం."

"నానమ్మను అడిగి..."

"సాయంత్రం చెబుదాంలే. పొట్లాలకు పాత పేపర్లు పట్రా."

పద్నాలుగు డబ్బాలూ పద్నాలుగు పొట్లాలయ్యాయి. తొందరలో పొట్లాల మీద పేర్లు రాయాలని తోచలేదు.

బడిలో తూకం వేస్తే ఆరో తరగతి ఏడో తరగతిని రెండు వందల గ్రాములు దాటింది. లెక్కల మాస్టారు ఒక మూత తీసి వాసన చూశారు.

"జీలకర్ర. ఇవి వాడుకలో ఉన్నవి కదండీ?"

"నిన్నటిదాకా ఉన్నాయి మాస్టారూ."

"ఓహో, అలా కూడా లెక్కేనా," అని ఆయన నెమ్మదిగా తన తరగతి గుమ్మం దగ్గరికి వెళ్ళారు. "పిల్లలూ, వాడుకలో ఉన్నవైనా పరవాలేదట. టీచరు గారే తెచ్చారు."

మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు అన్నానికి ఇళ్ళకు పరిగెత్తారు. తిరిగొచ్చేటప్పుడు ముందు సబ్బుపెట్టెలు వచ్చాయి. వెనకే మగ్గులు, బకెట్లు, స్నానాల పీటలు. సంగతి మిగతా తరగతులకు పొక్కింది. ఎవరో పసిపాపకు నీళ్ళు పోసే తొట్టి తెచ్చారు. ఆరో తరగతి పిల్ల ఒకతె బట్టల బుట్ట ఈడ్చుకొచ్చింది. అందులో తడిబట్టలు ఇంకా ఉన్నాయి.

తుక్కు కొట్టు లారీ చెప్పిన టైముకే వచ్చింది. తూచింది తూచినట్టే ఎక్కించుకుని పోయింది. అది మలుపు తిరిగాక తల్లులు వచ్చారు.

"మా బకెట్టు ఇస్తే నీళ్ళు పట్టుకుంటామండీ. పంపు వచ్చేసింది."

"టీచరమ్మ తెమ్మన్నారని మా వాడు తొట్టి పట్టుకొచ్చేశాడు. పాపకి ఒళ్ళంతా నూనె రాసి కూర్చున్నాను నేను."

పెద్ద మేడం ఆ గుంపునూ, సైన్సు టీచరునూ మార్చి మార్చి చూశారు. "బడిలో చెత్త తగ్గించమంటే వాళ్ళ ఇళ్ళలో సామాను తగ్గించారేంటమ్మా?"

బట్టల బుట్ట పుణ్యమా అని షీల్డు ఆరో తరగతికే వచ్చింది. గేటు దగ్గర తల్లులు నిలబడి చూస్తుండగా టీచరు దాన్ని అందుకుంది. చప్పట్లు కొట్టింది లెక్కల మాస్టారు ఒక్కరే.

సాయంత్రం ఆమె బజారుకు వెళ్ళింది. గాజు సీసాలు దొరకలేదు. సామాన్ల కొట్టు నిండా బడి పిల్లల తల్లులే, అందరి చేతుల్లోనూ కొత్త ప్లాస్టిక్ బకెట్లే. తల వంచుకుని రెండు డజన్ల కొత్త ప్లాస్టిక్ డబ్బాలు కొనుక్కుని బయటపడింది.

ఇంట్లో అత్తగారు పొట్లాల ముందు కూర్చుని ఒక్కొక్కటీ వేలితో రుచి చూస్తున్నారు. ఎడమ బుగ్గ వాచి ఉంది. డాక్టరు చల్లటి పాలు తాగమన్నాడట. పంచదార అనుకుని వేసుకున్నది ఉప్పు. పీకిన పన్ను దగ్గర ఆ పాలు ఏం చేశాయో ఆవిడ చెప్పలేదు. టీచరూ అడగలేకపోయింది.

"గాజువి అన్నావటగా," అన్నారావిడ కొత్త డబ్బాల వంక చూసి.

"దొరకలేదత్తయ్యా."

"ఎన్నాళ్ళొస్తాయి ఇవి?"

టీచరు కొత్త డబ్బాల సంచి కింద పెట్టింది.

"అవి పదేళ్ళొచ్చాయి. నీ కూతురి మొదటి పుట్టినరోజుకు తెప్పించిన ఐస్‌క్రీమువి." అంతే, మళ్ళీ పొట్లాల్లో పడిపోయారు. తిట్టి ఉంటే ఆ రాత్రి టీచరుకు కాస్త నిద్ర పట్టేది.

మర్నాడు పొద్దున కూతురు నోటు పుస్తకం తెరిచింది. పక్కనే నానమ్మ కొత్త డబ్బాలకు చుట్టిన ప్లాస్టిక్ కవర్లను చింపకుండా విప్పి మడతలు పెడుతున్నారు.

"అమ్మా, నువ్విచ్చిన హోంవర్కు. 'మా ఇంట్లో ప్లాస్టిక్ చెత్త తగ్గించిన వ్యక్తి.' నానమ్మ గురించి రాయనా?"

"రాయి," అంది టీచరు.

"డబ్బాలు ఏమయ్యాయో కూడా రాయాలా?"

"అదొద్దులేవే," అన్నారు నానమ్మ. "దిద్దాల్సింది మీ అమ్మేగా."

టీచరు గోడకున్న గుడ్డ సంచి తీసుకుంది. చెప్పులు వేసుకుని గుమ్మం దిగి వెళ్ళింది.

ఆ రోజు ఆదివారం. బడికి సెలవు, తుక్కు కొట్టుకు కాదు.