గైడులో ఉన్నదే మా ఊరు

పిల్లల్ని సొంత మాటల్లో రాయనివ్వడమంత ప్రమాదం ఇంకోటి లేదు! ఈ మాట అంటున్నది అనుభవజ్ఞుడు. గచ్చిబౌలిలో కూర్చుని రోజూ అమెరికా వాళ్లకు స్టేటస్ రిపోర్టులు రాస్తుంటాను. నా రిపోర్టుల్లో ప్రాజెక్టు ఎప్పుడూ 'ఆన్ ట్రాక్'లోనే ఉంటుంది. సర్వర్ పడిపోయి, టీమ్ లీడర్ బాత్రూంలో దాక్కున్న రోజు కూడా ఆన్ ట్రాకే. ఆ రోజు సొంత మాటల్లో రాసుంటే ఈపాటికి ఉద్యోగం ఊడి అనంతపురం బస్సెక్కి ఉండేవాణ్ణి కాదా?

అందుకే బడిపిల్లల వ్యాసాల గైడు రాసిన మహానుభావుడికి నా నమస్కారం. ఆవు సాధు జంతువు. దీపావళి వెలుగుల పండుగ. ఎవరికీ అభ్యంతరం లేని మాటలు! ఇలాంటివి రాసి ఎవరైనా ఉద్యోగం పోగొట్టుకున్నారా?

మా అమ్మాయి తేజస్విని అయిదో తరగతి. ఈ తెలంగాణ బంద్‌ల రోజుల్లో బడి నడిచేది అంతంతమాత్రం కాబట్టి టీచరమ్మ ఇంటికే పని పంపింది. 'మా ఊరు' గురించి సొంత మాటల్లో రాయాలట. ఆఫీసు బస్సు రాలేదు, నేనూ ఇంట్లోనే. రచన నేర్పే బాధ్యత నా నెత్తిన పడింది.

పిల్ల రాసుకొచ్చి చదివింది. "మా ఊరు ఖాజాగూడ. మా ఊర్ల చెరువుంది. పెద్ద పెద్ద గుట్టలున్నయ్. వాటిని పేలుస్తుంటే మా ఇంట్ల గిన్నెలు ఊగుతయ్. మా అపార్ట్‌మెంట్ ఉన్న జాగల కూడా ఒక గుట్ట ఉండెనంట. అది నేను సూడలె."

బాగుంది, కాదనను. కానీ ఈ రోజుల్లో "మీది ఏ ఊరు?" అన్నది మామూలు ప్రశ్నా?

నా దగ్గర అడిగేవాళ్లను బట్టి జవాబుంటుంది. ఆటోలో అయితే "ఇక్కడే అన్నా, మూసాపేట" అంటాను. అక్కడ కొన్నాళ్లు కిరాయికున్నాను లెండి. మా మేనేజర్ శ్రీనివాసరావుగారిది కోస్తా. ఆయన అడిగితే "ఆంధ్రానేనండి" అని ఓ 'అండి' తగిలిస్తాను. బంధువులకు అనంతపురం. కింద కిరాణా కొట్టు వీరేశం "ఏ ఊరు సార్ మీది?" అంటే మాత్రం "ఉప్పు ప్యాకెట్ ఉందా?" అంటాను. మా ఇంట్లో ఇప్పుడు ఏడాదికి సరిపడా ఉప్పుంది.

అలాంటి ఇంట్లో పుట్టి ఈ పిల్ల ఊరి పేరు అంత ధైర్యంగా రాసేస్తుందా? ఇక్కడివాళ్లు చూస్తే "మీది ఖాజాగూడ ఎట్లయితది?" అనరూ? మావాళ్లు చూస్తే "అప్పుడే మారిపోయినారే!" అనరూ?

"చెరిపెయ్యమ్మా. గైడులో ఉండేది రాయి."

"అది మన ఊరు కాదు కద నాన్నా."

"అది అందరి ఊరూ! సొంత మాటలు డేంజరు, తెలిసిందా?"

చెరిపింది. 'గుట్ట' అన్నచోట కాగితం కాస్త చిరిగింది. తర్వాత బుద్ధిగా రాసుకుంది. "మా ఊరు రామాపురం. మా ఊరి చుట్టూ పచ్చని పొలములు కలవు. ప్రజలు ఐకమత్యముతో జీవించుదురు."

బడి తెరిచాక పదికి పది! క్లాసులో అందరికీ పదికి పదేనట. పిల్లలందరిదీ ఒకే ఊరైపోయింది. ఢిల్లీ కమిటీలు తేల్చలేనిది ఒక్క గైడు తేల్చేసింది చూశారా!

మళ్లీ బంద్ వచ్చింది, మళ్లీ ఇంటికి పని వచ్చింది. ఈసారి 'మా నాన్న'. నేను ఎదురుగానే కూర్చున్నాను. జుట్టు కూడా దువ్వుకున్నాను. పిల్ల నా వైపు చూడనే లేదు. గైడు తెరిచి రాసుకుపోతోంది. "మా నాన్నగారు రైతు. తెల్లవారుజామున లేచి పొలమునకు వెళ్లుదురు. ఎల్లప్పుడూ సత్యమునే పలుకుదురు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"నేను ఇక్కడే ఉండాను కదమ్మా! నన్ను చూసి రాయి. నీ మాటల్లోనే రాయి."

దాని మొహం వెలిగిపోయింది. కొత్త పేజీ తిప్పి, 'మా నాన్న' అని పైన రాసి, కింద గీత గీసి, పెన్సిల్ ఆపింది.

"నాన్నా, నీది ఏ ఊరని రాయాలె?"

బాల్కనీలోంచి కిందికి చూశాను. బంద్ కదా, వీరేశం కొట్టు మూసుంది. ఉప్పు అడిగే దారి కూడా లేదు. పిల్ల పెన్సిల్ పట్టుకుని నా మొహం వైపే చూస్తోంది.

గైడు తీసి నేనే దాని ముందు పెట్టాను.

"ఇందులోదే రాసుకో తల్లీ. ఈ నాన్నది రామాపురం."