దర్జీ గాలం వేసిన ఆదివారం

ఆ ఆదివారం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే మాస్టారితో చెరువుకు వెళ్లాలి, అరచేతంత చేపలు నాలుగు పట్టాలి, మధ్యాహ్నానికల్లా ఆయన కూతుర్ని తనకిస్తానని ఆయన నోటితోనే అనిపించుకోవాలి. ఆ పిల్ల లేకపోతే అతనికి బతుకే చప్పన. మాస్టారేమో గాలం వెయ్యడంలో మొనగాడని ఊళ్లో పేరు. ఏ ఆదివారమూ ఉత్త బుట్టతో ఇల్లు చేరిన మనిషి కాడు. అందుకే దర్జీ, "చిన్నప్పట్నుంచీ నాకూ అదేగా పని!" అని కోతలు కోసేశాడు. నిజానికి అతను గాలం ముట్టుకోవడం అదే మొదలు.

గట్టు మీద మాస్టారు పాఠం మొదలుపెట్టారు. "చిన్న చేపకి చిన్న నోరు. అందుకని ముల్లూ చిన్నదే కట్టాలి, దారమూ సన్నదే ఉండాలి. నీళ్ల మీద తేలే బెండు మునిగిందా, మెల్లగా లేపాలి. గుంజావో, చేప పోయినట్టే. ఊఁ, కట్టు."

దర్జీ గాలపు ముల్లుకి ముచ్చటైన ముడి వేశాడు. వేసి, కొట్లో అలవాటు కొద్దీ దారాన్ని పళ్లతో పుటుక్కున కొరికేశాడు. ముల్లు బుడుంగుమని నీళ్లలో పడింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"ఏమయ్యా, చేపలకి ముక్కుపుడకలు పంచుతున్నావా?" అన్నారు మాస్టారు.

మిగిలింది ఒకే ముల్లు. ఈసారి పళ్లు బిగబట్టి కట్టాడు. ఎర అందుకోవడానికి చెయ్యి ఖాళీ కావాలి కనుక, కొట్లో సూదిని గుచ్చినట్టే ముల్లుని పక్కనున్న గుడ్డకి గుచ్చాడు. ఆ గుడ్డ మాస్టారి ప్యాంటు వెనకభాగమని అతనికి తట్టలేదు. అంతలో మాస్టారి బెండు మునిగింది. ఆయన దిగ్గున లేచారు. దర్జీ చేతిలో గాలం కర్ర వంగింది.

"పడింది! పెద్దదే!" అని దర్జీ బలమంతా పెట్టి గుంజాడు.

చర్రుమంది. ప్యాంటు పీలిక గట్టుకు వచ్చింది, మాస్టారు నీళ్లలోకి వెళ్లారు.

దర్జీకి పై ప్రాణాలు పైనే పోయాయి. పెళ్లి కాస్తా చెరువుపాలైందని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెయ్యిచ్చి ఆయన్ని పైకి లాగాడు. మాస్టారు తిట్టడానికి నోరు తెరిచి, తిట్టకుండా గెంతారు.

"ప్యాంటులో ఏదో ఉందిరోయ్!"

ఇంకో గెంతు గెంతేసరికి చిరుగులోంచి అరచేతంత చేప జారి గడ్డి మీద పడింది. మాస్టారు దాని ముందు చతికిలబడ్డారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇన్నేళ్లుగా ఈ చెరువుకి వస్తున్నాను అబ్బాయ్. నాకు చిక్కిన మొదటి చేప ఇదే."

"మరి ప్రతి వారం బుట్టలో తెచ్చేవో?"

"బజారువి. మా అమ్మాయికి చెప్పావో, ఈ సంబంధం లేదు."

"చెప్పకపోతేనో, మాస్టారూ?"

మాస్టారు అటూ ఇటూ చూసి, చిరుగుని రెండు చేతులతో మూసుకున్నారు.

"ముందు ఇది కుట్టు, అల్లుడూ!"

పెళ్లయ్యాక కూడా మామా అల్లుళ్లు ప్రతి ఆదివారం తప్పకుండా చెరువుకి వెళ్తున్నారు, బజారు మీదుగా తిరిగొస్తున్నారు.