ఏడువందల తొంభై తొమ్మిదికి తగ్గని నోరు

మహామండితో ఒప్పందం మీద సంతకం పెట్టిన మర్నాటి నుంచి మట్టపర్తి వినీల్ నోటికి ఏడువందల తొంభై తొమ్మిది కంటే చిన్న అంకె రావడం ఆగిపోయింది. మహామండి అంటే కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ కొట్టు. ఆట కావాలనుకున్న ప్రతివాడూ ముందు అక్కడికే పోతాడు. వినీల్, అతని చెల్లెలు లహరి కాకినాడ భానుగుడి దగ్గర అద్దె గదిలో నాలుగేళ్లు కూర్చుని, తుపానులో చిక్కుకున్న పడవను ఒడ్డుకు చేర్చే ఆట ఒకటి తయారుచేశారు. కోడ్ అతనిది, బొమ్మలు ఆమెవి. ధర ఏడువందల తొంభై తొమ్మిది పెట్టమని మహామండి సలహా ఇచ్చింది. వినీల్ సరేనన్నాడు. అదే నోట్లో దిగబడిపోయింది.

గొంతు డాక్టరు టార్చి వేసి చూసి, ఆటలు చేసేవాళ్లకు ఇది మామూలేనన్నాడు. మందు రాయలేదు, ఫీజు మాత్రం తీసుకున్నాడు. రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని కింది వాటా ఆవిడకు చెప్పబోయి, వినీల్ ఏడువందల తొంభై తొమ్మిదో నంబరన్నాడు. ఆవిడ టీవీ, గ్యాస్ బండ ఆటోలో వేసుకుని తునిలో అక్కగారింటికి వెళ్లిపోయింది. వేళ్లదీ అదే వరస. ఏ చిన్న అంకె టైపు చేసినా తెర మీద ఏడువందల తొంభై తొమ్మిదే పడేది. మహామండికి ఫిర్యాదు పెడితే, అవయవాలన్నీ ఒప్పందం ప్రకారమే పనిచేస్తున్నాయని జవాబు వచ్చింది. ఈ జవాబు మీకు తృప్తినిచ్చిందా అంటూ కింద ఒక నవ్వు మొహం, ఒక ఏడుపు మొహం ఉన్నాయి.

ఒప్పందంలో రాసింది ఒకటే. ఆటను మహామండిలో కంటే ఇంకెక్కడా తక్కువకు అమ్మకూడదు. అమ్మిన ప్రతి వందలో ముప్పై మహామండివి. ఎందుకివ్వాలి ముప్పై? కొట్టుకు అద్దె లేదు, గోడౌను లేదు, మూట మోసేవాడు లేడు. నాలుగేళ్లు చేతులు కాయలు కాసేలా పనిచేసింది వీళ్లు, గల్లా మీద కూర్చున్నది వాడు. కొత్తంగడి అని ఇంకో కొట్టు పది చాలంటోంది. కుర్రాళ్లేమో నాలుగువందలకైతే కొంటామని రోజూ మెసేజ్‌లు పెడుతున్నారు. ఈ నెల అమ్మకాలు లేకపోతే గది ఖాళీ చెయ్యాలి, లహరి మళ్లీ పెళ్లి ఆల్బమ్‌ల దుకాణంలో చేరి పెళ్లికొడుకుల మొహాలు తెల్లబరుచుకుంటూ కూర్చోవాలి.

సంతకం వినీల్‌దే గాని లహరిది కాదు. ఆమె నోరు శుభ్రంగా ఉంది. కొత్తంగడికి ఫోన్ చేసి నాలుగువందలని స్పష్టంగా చెప్పింది. సాయంత్రం మళ్లీ మాట్లాడి ఖాయం చేసుకుందామని వాళ్లన్నారు. ఈలోగా, అమ్ముడవుతున్న ఆటలో పడవ గోడలోంచి దూరిపోయే తప్పు ఇంకా ఉందో లేదో చూద్దామని ఆమె మహామండి తెరిచింది. కొత్త నిబంధనలు వచ్చాయి, సమ్మతం నొక్కితేగాని ఆట తెరుచుకోదు. తను గీసిన పడవను తను చూసుకోవడానికి కూడా సమ్మతమే. నొక్కింది. సాయంత్రం కొత్తంగడివాళ్లు ధర ఎంతన్నారని అడిగితే ఆమె నోట ఏడువందల తొంభై తొమ్మిది వచ్చింది.

ఇక మిగిలింది కొసరు. ఈ ఊళ్లో వంకాయలు తూచినవాడు కూడా చివర్లో రెండు కాయలు సంచిలో పడేస్తాడు. కొత్తంగడిలో అదే ధరకు అమ్మి, కొన్నవాళ్లకు ఆటలో ఇంకో అంకం ఉచితంగా ఇచ్చారు అన్నాచెల్లెళ్లు. ఎక్కడా ధర తగ్గకుండా కాపలా కాసే మహామండి సమధర విభాగం ఆ కొసరుకు వెల కట్టి, అది తగ్గింపేనని తేల్చింది. వీళ్ల ఆట వెతికినా దొరకనంత అడుక్కు వెళ్లిపోయింది. ఆ విభాగం అధికారి మర్యాదగా ఫోన్ కూడా చేశాడు.

"మేం తగ్గించొద్దనలేదండి. మా దగ్గర కూడా తగ్గించమన్నాం, అంతే. ధర పూర్తిగా మీ ఇష్టం."

"అయితే మీ దగ్గరే తగ్గిస్తాను," అన్నాడు వినీల్.

"తప్పకుండానండి. ఎంతకి?"

"ఏడువందల తొంభై తొమ్మిది."

"చూశారా, మీరే అంటున్నారు," అన్నాడు అధికారి. సంభాషణ రికార్డయిందని చెప్పి పెట్టేశాడు.

కొసరు తీసేయమని చెప్పడానికి వినీల్ కొత్తంగడి ఆఫీసుకు వెళితే, వాళ్లు ఏమీ అనుకోలేదు. వాళ్లు వారం వారం ఆటలు ఊరికే పంచుతున్నారు. జనం తీసుకుని తెరవకుండా పక్కనపెట్టి, మళ్లీ మహామండికే పోయి కొంటున్నారు, అన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని. అందుకని తామూ ఇలాంటి ఒప్పందమే తయారుచేయిస్తున్నామని మేనేజరు చెప్పింది. పోటీలో వెనకబడకూడదు కదండీ అంది.

నెలాఖరున అమలాపురం నుంచి ఒక కాలేజీ కుర్రాడు ఫోన్ చేశాడు. నాలుగువందలకు అడిగినవాళ్లలో అతనూ ఒకడు. లహరికి ఒక ఉపాయం తట్టింది. తాము అంకె పలకనక్కర్లేదు, అతను పలికితే చాలు. సరే అనే మాట ఒప్పందంలో లేదు.

"నువ్వే అడుగు తమ్ముడూ. ఎంతడిగినా సరే అంటాం."



"ఏడువందల తొంభై తొమ్మిదక్కా," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "మొన్న సమ్మతం నొక్కానండి. నొక్కకపోతే నేను కొనుక్కున్న ఆటలే తెరుచుకోట్లేదండి."

అంత డబ్బు తన దగ్గర లేదన్నాడు. పర్లేదక్కా, వాళ్లు ఆఫరు పెట్టినప్పుడు కొనుక్కుంటానులే అని ధైర్యం కూడా చెప్పాడు. ఆఫరు ఎప్పుడో అతను అడగలేదు, అడిగినా చెప్పడానికి వీళ్లకు తెలియదు. ఫోన్ పెట్టేశాక వినీల్ గోడ మీద చెయ్యి చరిచాడు. లహరి కంప్యూటర్ వైర్లు చుట్టడం మొదలుపెట్టింది.

ఒకటో తారీఖున ఇంటాయన చేతిలో తాళం పెడుతుండగా మహామండి నుంచి అభినందనలు వచ్చాయి. ధర తగ్గితే కొందామని వీళ్ల ఆట కోసం పదకొండు వేలమంది ఎదురుచూస్తున్నారట.