పాలకూర ధైర్యం

తాగేవాళ్లకి ఈ లోకంలో పాలకూరని మించిన ఆప్తమిత్రుడు లేడు! సోడా, మంచుముక్కలు అన్నీ దాని తర్వాతే.

నవ్వకండి. ఉద్యోగం కోసం ఏడాదిగా మా బాబాయి ఇంట్లో ఉంటున్నాను. కళ్లారా చూసిందే రాస్తున్నాను.

బాబాయి బట్టల మిల్లులో సూపర్‌వైజర్. రోజూ డ్యూటీ దిగాక నలుగురు స్నేహితులతో బారులో కూర్చుని వస్తాడు. నిరుడు మిల్లు డాక్టరు ఆయన లివర్ పరీక్షలు చూసి రెండు మాటలు చెప్పాడు. తాగుడు మానాలి, ఆకుకూరలూ పప్పులూ పళ్లూ బాగా తినాలి. బాబాయి పద్ధతి గల మనిషి. ఏ పనైనా తేలికైన వైపు నుంచే మొదలుపెడతాడు. కనుక ఆకుకూరలతో మొదలుపెట్టాడు.

అంతలో ఫోన్లో వీడియోలు రానే వచ్చాయి. పాలకూరా బీట్‌రూటూ రుబ్బి పరగడుపున తాగితే లివర్ అద్దంలా మెరుస్తుందట! ఎవరి లివర్ని ఎవరు బయటికి తీసి చూశారని అడగకండి. విజ్ఞానాన్ని శంకించకూడదు.

ఆ రోజు నుంచి ఐదింటికల్లా మా ఇంట్లో మిక్సీ మోగేది. పిన్ని కట్టలు విప్పి, మట్టి కడిగి, తుంచి, రుబ్బి, వడకట్టేది. ఐదు గ్లాసులు! ఐదెందుకంటారా? ఇంత మేలుని ఒక్కడే మింగేంత స్వార్థపరుడు కాదు మా బాబాయి. ఆ నలుగురూ మిల్లుకి వెళ్తూ మా హాల్లో ఆగి, తాగి, "మీ చేతి చలవ వదినా" అని మూతి తుడుచుకునేవారు. కూరగాయలావిడ మాత్రం ఒకసారి పిన్నిని మెల్లగా అడిగింది.

"మేకల్ని పెంచుతున్నారా అక్కా?"

ఆ జ్యూస్ చేసిన మేలు అంతా ఇంతా కాదు. పూర్వం రెండు పెగ్గులయ్యాక బాబాయికి భయం వేసేది. అది పోయింది! రెండు కట్టలకి నాలుగు పెగ్గులని ఒక సూత్రం కనిపెట్టాడు. ఆదివారం పార్టీ ఉంటే శనివారమే ఒక గ్లాసు అడ్వాన్సు. పూర్వం పిన్ని తాగొద్దంటే తల దించుకునేవాడు. ఇప్పుడు తలెత్తి, "పొద్దున నీ చేత్తోనే ఇచ్చావు కదే" అనేవాడు. కాపురంలో ఇంత ప్రశాంతత ఇంకే కూరగాయ తెస్తుంది?

పోయిన వారం మళ్లీ పరీక్షలు చేశారు. అంకెలు రెట్టింపయ్యాయి. డాక్టరు ఓపికగా చెప్పాడు. ఆకుకూరలు మంచివే, వండుకుని తింటే ఇంకా మంచిది, కానీ తాగుతున్నంతకాలం అవి కాపాడలేవు. ఇప్పుడు మానితే లివర్ కోలుకుంటుంది, ఆలస్యమైతే కోలుకోదు. బాబాయి అంతా శ్రద్ధగా విన్నాడు.

"అయితే బీట్‌రూట్ పెంచమంటారా?" అన్నాడు.

మర్నాడు ఐదింటికి మిక్సీ మోగలేదు. ఆ నిశ్శబ్దానికే బాబాయికి మెలకువొచ్చింది. గ్లాసేదని అడిగాడు.

"ఇక చెయ్యనండి. మిమ్మల్ని చంపుకోవడానికి నేను చాకిరీ చెయ్యలేను" అంది పిన్ని.

ఎంత కఠినురాలో చూడండి! లివర్ జబ్బు మనిషికి కట్టుకున్న భార్యే ఆకులు రుబ్బనంటుందా? బాబాయి స్వయంగా మిక్సీ దాకా వెళ్లాడు. మూత ఎటు తిప్పాలో తెలీక తిరిగొచ్చాడు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా ఇంటికొచ్చేశాడు. వెనకాలే నలుగురూ వచ్చి గుమ్మంలో నిలబడి, రావేమిటని అడిగారు.

"పొద్దున జ్యూస్ పడలేదురా. ఖాళీ లివర్‌తో ఎలా రాను?"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దున మా హాల్లో గ్లాసు దొరక్క వెళ్లిపోయిన వాళ్లకీ పడలేదు. జ్యూస్ లేకుండానే బారుకి వెళ్తున్నామన్న సంగతి అంతవరకూ ఎవరికీ తట్టలేదు. కాసేపు అటూ ఇటూ కదిలి, ఇంకా ఎండ ఉండగానే ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు.

ఇవాళ్టికి ఐదో రోజు. బాబాయి డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటూ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక హాల్లో తిరుగుతున్నాడు. పిన్ని ఆరింటి దాకా నిద్రపోతోంది.

మీలో సైన్సు తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. మీకు పుణ్యముంటుంది, ఆ జ్యూస్ వల్ల ఏ కాపుదలా లేదని మా బాబాయికి మాత్రం చెప్పకండి.