నోబుయో గారి హోటల్లో మాటల్లేని భోజనం

మనిషికి నోరు ఇచ్చింది రెండు పనులకి. అందులో ఒకటి శుద్ధ దండగ అని మా కవాగుచి ఊళ్ళో రుజువైపోయింది!

స్టేషను వెనక సందులో నోబుయో గారి భోజన హోటలు ఉంది. పదకొండేళ్ళుగా నా మధ్యాహ్నం తిండి అక్కడే. ఉప్పు రాసి కాల్చిన చేప, అన్నం, మిసో చారు, ముల్లంగి ఊరగాయ, అన్నీ కలిపి ఎనిమిదొందల యెన్‌లు. పోయిన నెల ఆవిడ కొడుకు మొరిహికో బల్లకో స్క్రీను బిగించాడు. బొమ్మ మీద వేలు పెడితే చాలు, ఆర్డరు వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఇంతకంటే ఉపకారం ఇంకేం ఉంటుంది?

అంతకుముందు నేను పడ్డ బాధ చెబుతాను. తలుపు పక్కకి జరిపి లోపలికి రాగానే ఆవిడ మొదలుపెట్టేది.

"ఏం ఇనగాకి గారూ, ఇవాళ కూడా నోరు ఇంట్లోనే పెట్టొచ్చారా?"

నేను "ఊఁ" అనేవాణ్ణి. అంటే చేప అని.

ఆవిడ చేప పెట్టేదా? "మూడు రోజులుగా అదే మింగుతున్నారు, ఇవాళ గుమ్మడికాయ కూర తినండి" అనేది. దగ్గితే జావ పెట్టేది. వాన పడితే వేడి నూడుల్సు తెచ్చేది. డబ్బిచ్చేది నేను, తినేదేమిటో ఆవిడ ఇష్టం! ఇదేం న్యాయమండీ?

స్క్రీను అలా కాదు. "ఇదేనా? ఖాయమేనా?" అని రెండుసార్లు అడుగుతుంది. నా పెళ్ళప్పుడు కూడా నన్నెవరూ రెండుసార్లు అడగలేదు. చేప నొక్కితే చేపే. దగ్గినా చేపే. వానొచ్చినా చేపే. వరసగా పద్దెనిమిది రోజులు చేపే తిన్నాను. స్వేచ్ఛ అంటే ఇదీ!

మాటలు కావాలంటే ఇంట్లో దొరకవా? మా స్నానాల తొట్టికి మాట్లాడే మిషను ఉంది, రోజూ సాయంత్రం "నీళ్ళు కాగాయండీ" అని చెబుతుంది. ఎంత మర్యాద! నా భార్య ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను అండీ అనలేదు. ఆమె పోయి పన్నెండేళ్ళయింది. తొట్టి మాత్రం ఒక్కరోజూ మానలేదు.

ఒక్క చిక్కు వచ్చింది. నలభై ఏళ్ళు ఇనుము పోత పోసే ఫ్యాక్టరీలో పనిచేసి నా వేళ్ళు కాయలు కాసిపోయాయి. స్క్రీనుకి అవి వేళ్ళలా తోచవు. పోయిన మంగళవారం గట్టిగా పదిసార్లు పొడిచాను. ఏమీ కదల్లేదు. తర్వాత అన్నీ ఒక్కసారే కదిలాయి, ఖాయమేనా అన్నదానితో సహా.

ఆవిడ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "ఏడు చేపలా! పెళ్ళివారెవరన్నా దిగుతున్నారా?"

"లేదు."

"మరి?"

"మిషను."

ఆవిడ ఎదురు కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ వంకన పావుగంట లేవలేదు. మోకాలికి ఇంజెక్షను వేయించుకుందట. ఎదురు బట్టల కొట్టు ఎత్తేస్తున్నారట. "అదేంటి, ఇలా చిక్కిపోయారు?" అని నన్ను కోప్పడింది. ఎంత టైము వృథా!

మర్నాడే మొరిహికో మిషను సరిచేశాడు. "ఇక ఒకటికి మించి ఆర్డరు వెళ్ళదు బాబాయి గారూ. అమ్మ వచ్చి మీ ప్రాణం తియ్యదు" అన్నాడు. నలభై దాటినా మంచి పిల్లాడు. ఏమనగలం?

స్క్రీను మూల గంట బొమ్మ ఒకటి ఉంది. నొక్కితే మనిషి వస్తారట. నొక్కాను.

"ఏం కావాలి?" అంటూ ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

గంట బొమ్మ వైపు వేలు చూపించాను. "పనిచేస్తోందా లేదా అని చూశాను."

"చేస్తోంది!" అని వెళ్ళిపోయింది.

పాఠకులారా, కొత్త మిషనుని ఒక్కసారి చూసి నమ్మెయ్యకూడదు. అందుకే రోజూ పరీక్షిస్తున్నాను. మొదట్లో రోజుకి రెండుసార్లు. నిన్న మూడుసార్లు. మూడోసారి ఆవిడ ఏం కావాలని అడగలేదు. నా మొహం వంక చూసింది. వంటింటి వైపు తిరిగి "మొరిహికో, కాసేపు పొయ్యి చూడు!" అని కేకేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈ గంటలో ఏదో లోపం ఉందండీ ఇనగాకి గారూ. ఇద్దరం కూర్చుని చూడాలి" అంది.

చాలాసేపు చూశాం. దొరకలేదు. ఇవాళ మళ్ళీ చూడాలి.